ఆత్మారాం సారు తాగిన నీళ్లు

ఆత్మారాం ఏ ఊరికి పోయినా ముందు అడిగేది మంచినీళ్లు. దాహమై కాదు, అది ఆయన పని చేసే పద్ధతి. బోధన్ చుట్టుపక్కల కుష్ఠు నివారణ విభాగంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన చాటుగా ఒక ఇంట్లోకి పోయి మందులిచ్చి వచ్చిన పాపాన పోలేదు. స్పర్శ లేని మచ్చ ఉన్న మనిషి ఇల్లు ఏదో కనుక్కునేవాడు. తన లూనా బండిని సరిగ్గా ఆ ఇంటి ముందే, వాడకట్టు నడుమ ఆపేవాడు. అరుగు మీద దర్జాగా కూర్చుని, నాలుగిళ్లకు వినబడేలా అడిగేవాడు.

"అవ్వా, దూపైతుంది. సెంబెడు నీళ్లియ్యి."

తెచ్చిన నీళ్లు గటగటా తాగి, మూతి తుడుచుకుని, ఇంకో చెంబు అడిగేవాడు. ఎదురింటి తలుపు సందుల్లోంచి చూసే కళ్లకు అంతా కనబడాలి కదా. ఆయన బండి ఊరు దాటగానే వాడకట్టులో ముచ్చట మొదలయ్యేది. పెద్దరోగం ఇంట్లో నీళ్లు తాగిండు, ఎన్నొద్దులు బతుకుతడో సూద్దామని కొందరు లెక్కలు కట్టేవాళ్లు. వారం తిరిగేసరికి ఆయన మళ్లీ అదే బండి మీద, అదే అరుగు మీదికి వచ్చేవాడు. అట్లా ఆయనకు నీళ్ల సారు అని పేరు పడిపోయింది. ఆ పేరు విని, ఈయన కాలువల ఆఫీసు మనిషి అనుకుని, మా పొలాలకు తడి అందటం లేదు సారూ అని అర్జీలు పట్టుకొచ్చిన రైతులు కూడా ఉన్నారు. వాళ్ల అర్జీలు తీసుకుని, ముంజేతులు తడిమి చూసి మచ్చల్లేవని తేల్చుకుని పంపించేవాడు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నోరు మాత్రం చెడ్డది. తిమ్మిరి చేతుల్తో బీడీ కాల్చి వేళ్లు కాల్చుకున్న ముసలివాళ్లను వాళ్ల ఇంట్లోనే నిలబెట్టి తిట్టేవాడు. తిట్టి, ఆ చేతినే నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, గుడ్డ కట్టి వచ్చేవాడు. మెత్తటి రబ్బరు చెప్పులు కుట్టించడానికి పాత పేపరు మీద వాళ్ల పాదాలు పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీసుకొచ్చేవాడు. పెళ్లిళ్లకు పోతే అక్షింతలు వేస్తూ పెళ్లికొడుకు చెవి తమ్మెలు పరీక్షగా చూసేవాడు. ఆయన భార్య అందరి ముందూ మోచేత్తో పొడిచేది. రిటైరయ్యాక కూడా సంచిలో కొబ్బరినూనె సీసా వేసుకుని ఆ ఊళ్లన్నీ తిరుగుతూనే ఉన్నాడు. మొన్న వానాకాలంలో ఒకనాటి ఉదయం చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, గోడకు ఒరిగిపోయాడు. ఎవరినీ మంచం పక్కన కూర్చోబెట్టుకోలేదు.

ఆయన పెద్దబిడ్డ నిరోష. నిజామాబాద్‌లో ఒక సర్కారు హైస్కూల్లో జీవశాస్త్రం టీచరు. ఈమెకు చెప్పుకోవడానికి ఒక కథ ఉంది. ప్రతి ఏడూ జనవరి ముప్పయ్యిన బడిలో కుష్ఠు గురించి పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించేటప్పుడు మైకు పట్టుకుని ఆ కథ చెబుతుంది.

నిరోష చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, ఆత్మారాం ఆమెను లూనా ముందు నిలబెట్టుకుని రుద్రూర్ అవతల ఒక పల్లెకు తీసుకుపోయాడు. అక్కడ ఈరవ్వ అని ఒకామె. వేళ్లు వంకర పోవడంతో మొగుడు వదిలేశాడు, మరుదులు చెరుకు తోట పక్కన కొట్టంలో పడేశారు. బోరింగు దగ్గరికి పోతే బిందెలు ఎత్తుకుని ఆడవాళ్లు పక్కకు జరిగేవాళ్లు. మందులతో రోగం పోయింది కానీ బోరింగు దగ్గర చోటు రాలేదు. ఆత్మారాం ఎన్నేళ్లు నీళ్లు తాగినా, ఆయనకేందమ్మా, సర్కారు జీతం తీసుకుంటడు, ఏదో సూది ఏసుకునే వస్తడు అన్నారు. అందుకని ఆ రోజు ఆయన తన బిడ్డనే తెచ్చాడు. ఈరవ్వ వంకర వేళ్లతో చరిచిన జొన్నరొట్టె, పుంటికూర, వాడకట్టంతా చూస్తుండగా నిరోష తిన్నది. తిని ఇంకో రొట్టె అడిగింది. ఏ తండ్రీ సొంత బిడ్డను తెలిసి తెలిసి రోగానికి ఇయ్యడని ఊరికి అప్పుడు అర్థమయ్యింది.

"ఆ పిల్లను నేనే," అని నిరోష మైకులో చివరి మాట చెప్పేది. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. నిజం చెప్పాలంటే ఆ ఒక్క రొట్టెను ఆమె ముప్పయ్యేళ్లకు పైగా తింటూనే ఉంది.

తండ్రి పోయిన పదకొండో రోజు బోధన్‌లో ఆయన ఇంటి ముందు షామియానా వేశారు. చుట్టాలు, పాత ఆఫీసువాళ్లు, వాడకట్టువాళ్లు నిండారు. పిట్టకు పెట్టడానికి ఆత్మారాంకు ఇష్టమైనవన్నీ వండుతున్నారు. పోయినవాడి పేరు మీద విస్తరి వడ్డించి, కాకి వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్లు చేతులు కట్టుకుని నిలబడాలి. ముట్టకపోతే ఆయనకేదో కోరిక మిగిలిందని అర్థం.

అప్పుడు అయ్యూబ్ ఆటో వచ్చి ఆగింది. అయ్యూబ్ ఒకప్పుడు ఆ విభాగంలో జీపు నడిపినవాడు, ఇప్పుడు సొంత ఆటో నడుపుకుంటున్నాడు. ఆటోలోంచి ఈరవ్వ దిగింది. జుట్టంతా తెల్లబడింది, ముక్కు కాస్త లోపలికి అణిగింది, కాళ్లకు ఆత్మారాం కుట్టించిన నల్ల రబ్బరు చెప్పులు ఉన్నాయి. రెండు అరచేతుల నడుమ స్టీలు టిఫిన్ డబ్బా ఇరికించుకుని నేరుగా నిరోష దగ్గరికి వచ్చింది.

"జొన్నరొట్టె, పుంటికూర తెచ్చిన బిడ్డా. సారుకు ఇవంటే పానం. పిట్టకు పెట్టుండ్రి."

నిరోష డబ్బా అందుకుంది. అందుకుంటున్నప్పుడు ఆ ముడుచుకుపోయిన వేళ్లు ఆమె చేతికి తగిలాయి. పక్కనే కుర్చీలో ఆమె అత్త కూర్చుని ఉంది. నిజామాబాద్‌లో నగల దుకాణం వాళ్ల ఆడపడుచు, శుభ్రత అంటే పడి చచ్చే మనిషి. ఆమె ఈరవ్వ చేతుల వంక చూసి, తర్వాత కోడలి వంక చూసింది.

"గది వంటింట్లకు తీస్కపోకు నిరోషా. ఇంతమంది తినేటి కాడ," అన్నది, గొంతు తగ్గించి. తగ్గించిన గొంతే అయినా పక్క వరుస దాకా వినబడింది.

గట్లేం గాదత్తమ్మా, ముట్టుకుంటే రాదు, ఆమెకు రోగం తగ్గి ఎన్నేళ్లో అయ్యింది అని చెప్పాలి. ఆ వాక్యాలు నిరోషకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. ఏటా మైకులో చెప్పేవే. ఆ రోజు మాత్రం ఒక్క ముక్క బయటికి రాలేదు. ఇంటి నిండా చుట్టాలు, అత్తగారితో వాదన ఎందుకు అనుకుంది. "పెడ్త అవ్వా, నువ్వు కూసో," అని ఈరవ్వకు నవ్వుతూ చెప్పి, డబ్బాను వంటింటి మీదుగా కాకుండా సందులోంచి పెరట్లోకి తీసుకుపోయి, బట్టలుతికే బండ మీద పెట్టింది.

పెట్టి, నల్లా తిప్పింది. బండ మీద సబ్బు ఉంది. తీసుకుని చేతులు రుద్దుకుంది. మోచేతుల దాకా రుద్దుకుంది. ఎందుకు రుద్దుకుంటున్నదో ఆమెకే తెలియదు. చేతులు వాటంతట అవే చేసిన పని అని తర్వాత చాలాసార్లు అనుకుంది. ఆ మాటతో ఆమె తనను తానే ఒప్పించుకోలేకపోయింది.

తల తిప్పేసరికి సందు మొదట్లో ఈరవ్వ నిలబడి ఉంది. కూర కింది గిన్నెలో ఉంది, ఒలకకుండా చూడమని చెప్పడానికి వచ్చినట్టుంది. సబ్బు నురగ చూసింది. నిరోష ముఖం చూడలేదు. వెనక్కి తిరిగి, రబ్బరు చెప్పులు ఈడ్చుకుంటూ షామియానాలోకి పోయింది.

పిట్టకు పెట్టేటప్పుడు డాబా మీద విస్తరిలో మటన్ ఉంది, గారెలు ఉన్నాయి, చాయ్ గ్లాసు కూడా ఉంది. జొన్నరొట్టె లేదు. నిరోష చేతులు కట్టుకుని తమ్ముడు వేణు పక్కన నిలబడింది. కాకి రావద్దు అని మొక్కుకుంది. గంటసేపు రాకుండా సతాయిస్తే, ఏం తక్కువైందో అని అందరూ తలలు పట్టుకుంటే, అప్పుడు కిందికి పోయి ఆ డబ్బా తేవచ్చు. అత్త ముందే, అందరి ముందే తేవచ్చు. అడిగేది బాపు కాబట్టి ఎవరూ ఏమీ అనరు. తాను చేయలేని పని చచ్చిపోయిన తండ్రి చేత చేయించాలని చూసింది.

కాకి వెంటనే వచ్చింది. అట్లా పెట్టారో లేదో పిట్టగోడ మీద వాలి, మటన్ ముక్క నోట కరుచుకుని ఎగిరిపోయింది.

"బాపుకు ఏ రంది లేదక్కా, సల్లగ పోయిండు," అన్నాడు వేణు కళ్లు తుడుచుకుంటూ. చుట్టాలంతా తేలికపడి భోజనాలకు దిగారు. నిరోష డాబా మీదే కాసేపు నిలబడిపోయింది. ఆయన ఎప్పుడూ ఇంతే, ఎవరినీ ఇబ్బంది పెట్టడు. కనీసం ఈ ఒక్కసారన్నా పెడితే ఏం పోయేది అని తండ్రి మీద కోపం వచ్చింది. ఆ కోపానికి మళ్లీ సిగ్గు వేసింది.

కిందికి దిగేసరికి ఈరవ్వ లేదు. తినకుండానే పోయింది, పని ఉందన్నది అని ఎవరో చెప్పారు. సాయంత్రం చూస్తే బండ మీద డబ్బా ఖాళీగా ఉంది. రొట్టెలు, కూర బర్రె కుడితి తొట్టిలో పోశారట. అన్ని గిన్నెలూ కడిగిన పనిమనిషి ఆ డబ్బాను మాత్రం అట్లాగే వదిలేసింది. నిరోష దాన్ని కడిగి తనతో నిజామాబాద్ తీసుకుపోయింది.

ఇక ఆ డబ్బా వంటింటి అలమారలో కూర్చుని ఆమెను చూస్తూ ఉండేది. ఈ ఆదివారం పోదాం అనుకునేది. ఆదివారం ఏదో అడ్డం వచ్చేది. పరీక్ష పేపర్లు, జ్వరం, వాన, భర్త తరపు పెళ్లి. అడ్డాలు దొరకటం లేదని ఎప్పుడూ బాధపడలేదు. బతుకమ్మ పండుగ కూడా వెళ్లిపోయాక ఒక ఆదివారం, ఒకరింటి గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కాబట్టి, అందులో కొత్త బెల్లం నింపి బోధన్ బస్సెక్కింది. ముందురోజే అయ్యూబ్‌కు ఫోన్ చేసి వస్తున్నట్టు చెప్పింది.

బస్సులో దారి పొడుగునా ఆమె చేసిన పని ఒక్కటే, అబద్ధం తయారు చేసుకోవడం. ఈరవ్వ తప్పకుండా అడుగుతుంది, పిట్ట ముట్టిందా అని. పిట్ట ముందుగాల నీ రొట్టెనే ముట్టిందవ్వా అని చెప్పాలి. ముసలామె సంతోషపడుతుంది. ఎవరికీ నష్టం లేదు. సబ్బు సంగతి అడగదు, అడిగే మనిషి కాదు. బోధన్‌లో దిగి అయ్యూబ్ ఆటోలో కూర్చుని రుద్రూర్ దాటేదాకా ఆ మాటనే లోపల్లోపల అప్పజెప్పుకుంది.

ఈరవ్వ ఇప్పుడు రేకుల ఇంట్లో ఉంటోంది. చెరుకు తోట పోయి చుట్టూ వరి వచ్చింది. గుమ్మం ముందే నల్లా ఉంది, పక్కింటి కోడలు వచ్చి అక్కడే బిందె నింపుకుని పోయింది. ఆమె ఈరవ్వను చూసి జరగలేదు, అసలు పట్టించుకోనే లేదు. అయ్యూబ్ ఆటోలోనే ఉండిపోయాడు.

"వచ్చినవా బిడ్డా, కూసో," అని ఈరవ్వ మంచం వాల్చింది. డబ్బా తీసుకుని మూత తీసి, బెల్లం చూసి మురిసిపోయింది. పిట్ట గురించి అడగలేదు. అడగకపోయేసరికి నిరోష తనే మొదలుపెట్టింది.

"పిట్ట ముందుగాల నీ రొట్టెనే ముట్టిందవ్వా."

"గట్లనా," అన్నది ఈరవ్వ. కాసేపు డబ్బా మూతను అరచేత్తో తుడిచింది. "మంచిదాయె."

లేచి లోపలికి పోయి, ఒక మంచినీళ్ల సీసా రెండు అరచేతుల మధ్య పట్టుకుని తెచ్చింది. దుకాణంలో అమ్మే సీసా. మూతకు సీలు కూడా తీయలేదు. దాన్ని మంచం మీద, నిరోషకు ఒక జానెడు దూరంలో పెట్టింది.

"నీ కొరకే తెప్పించిన. అయ్యూబ్ జెప్పిండు నువ్వొస్తున్నవని. దుకాణపు పోరనితోనే ఆడ పెట్టించిన. సూడు, మూత తియ్యలె. తీసుడు నాతోని రాదు సుత."

ఎత్తిపొడుపు కాదు. అదే విషాదం. తన ఇంటికి వచ్చే చదువుకున్నవాళ్లకు, సర్వేకు వచ్చే ఆఫీసర్లకు ఈరవ్వ చేసే మర్యాదే అది. వాళ్లు ఇబ్బంది పడకుండా సీలున్న నీళ్లు పెడుతుంది. నిరోష ఇప్పుడు ఆ వరుసలో చేరింది. ఒకప్పుడు ఇదే మనిషి చేతి రొట్టె ఇంకోటి కావాలని అడిగిన పిల్ల, ఇప్పుడు సీలు సీసా పెట్టవలసిన చుట్టమయ్యింది. నిరోషకు నేల పగిలి తనను లోపలికి తీసుకుంటే బాగుండనిపించింది.

"లేదవ్వా," అన్నది. "నీ రొట్టె పెట్టలే. పిట్టకు పెట్టనే లేదు. బర్రెకు పోసిండ్రు. నేను వద్దనలే."

"ఎర్కే. అయ్యూబ్ సూసిండు తొట్టిల."

"నాకు సెంబుల నీళ్లియ్యి," అన్నది నిరోష. కావాలనే గొంతు పెంచింది, నాలుగిళ్లకు వినబడేలా, తండ్రి అడిగినట్టే. పక్కింటి కోడలు తల కూడా తిప్పలేదు. ఎదురింటి అరుగు మీది కుర్రవాడు ఫోన్ చూసుకుంటూనే ఉన్నాడు. ఆ ఊళ్లో నమ్మించాల్సిన వాళ్లు ఇప్పుడెవరూ లేరు.

ఈరవ్వ నవ్వింది. నవ్వి, మంచం కోడుకు ఆనుకుని కింద కూర్చుంది.

"ఎవలకు సూపెడుతున్నవ్ బిడ్డా? మీ బాపు సుత మొదటిసారి సూపెట్టనీకే తాగిండు. తాగి, ఊరి బయట కాలువ కాడ బండి ఆపి, జేబుల కెళ్లి సబ్బు తీసి సేతులు కడుక్కున్నడు. నోరు సుత కడుక్కున్నడు. నేను గడ్డికి పోయిన, సెరుకుల కెళ్లి సూసిన. ఆయన నన్ను సూసిండు."

నిరోష నమ్మలేనట్టు చూసింది. "బాపునా?"

"అప్పుడు నువ్వు సంటిపిల్లవు. ఇంట్ల పసిగుడ్డు ఉండె, భయమయ్యిందవ్వా అని తర్వాత ఆయననే జెప్పుకున్నడు. గానీ తెల్లారి పొద్దుగాల మల్ల వచ్చిండు. ఆ రోజు వాడకట్టుల పురుగు లేదు, అందరు సెరుకు కొట్టుడుకు పోయిండ్రు. సూసెటోడు ఒక్కడు లేడు. నా కొట్టం ముంగట నిలబడి, తప్పయ్యింది, దూపైతుంది అన్నడు. తాగిండు. నా ముంగటనే మూతి తుడ్సుకొని పోయిండు. ఆ తర్వాతనే కద నిన్ను తోల్కొచ్చింది."

ఆయన తెల్లారే వచ్చాడు. తను వానాకాలం పోయి, బతుకమ్మ పోయాక వచ్చింది. వస్తూ వస్తూ అబద్ధం పట్టుకొచ్చింది. ఏటా పిల్లల ముందు ఎత్తి చూపించే ఆ రొట్టె వెనక ఇంత కథ ఉందని కూడా ఎరగదు. తండ్రి భయపడ్డాడన్న మాట ఆమెకు ఊరటగా ఉండాల్సింది. ఊరట కాలేదు. భయపడ్డ మనిషి రాత్రి గడవగానే తిరిగి వచ్చాడు కాబట్టి తనకు దాక్కోవడానికి చోటు లేకుండా పోయింది.

"అయితే ఇయ్యవ్వా, సెంబుల," అని మళ్లీ అడిగింది, ఈసారి మెల్లగా.

"ఇయ్యాల వద్దు," అన్నది ఈరవ్వ. కోపంగా అనలేదు, మొండిగా అన్నది. "ఇయ్యాల నువ్వు సిగ్గుకు తాగుతవ్. దూపైనప్పుడు తాగుదువు తియ్యి. సీస తీస్కపో, ఎండ ఉన్నది."

నిరోష సీసా తీసుకుని ఆటో ఎక్కింది. రుద్రూర్ దాటేసరికి గొంతు తడారిపోయింది. ఉదయం నుంచి ఏమీ తాగలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. సీసా ఒళ్లోనే ఉంది. మూత మీద చెయ్యి వేసి, తిప్పకుండానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సీస ఉన్నది కద, తాగు బిడ్డా. పెదవులు ఎండిపోయినయ్," అన్నాడు అయ్యూబ్ అద్దంలోంచి చూసి.

"వద్దు చాచా." కొంతదూరం పోయాక అడిగింది. "రేపు పొద్దున బండి ఖాళీగ ఉంటదా?"

"రేపు బడి లేదా నీకు? మల్ల ఏం మర్చిపోయినవ్ ఆడ?"

"నీళ్లు తాగుడు," అన్నది నిరోష, అద్దంలో ఆయన కళ్లను చూడలేక తల వంచుకుని.